టిఫిన్ హోటల్లో బాగా తినడం ఎలా: వేడి ఇడ్లీ నుంచి ఆకు భోజనం దాకా

ఒకే హోటల్, అదే దోసె. ఉదయం ఏడున్నరకు తిన్నాయన ఆహా అంటాడు. పదకొండున్నరకు తిన్నావిడ "ఏముందండీ అందులో" అంటుంది. ఇద్దరి మాటా నిజమే. శాకాహార హోటల్లో దాదాపు ప్రతి వంటకానికీ ఒక వేళ ఉంటుంది. ఇడ్లీకి ఆవిరి దిగిన పది నిమిషాలు, గారెకు మూకుడులోంచి తీసిన కాసేపు, పెసరట్టుకు పొద్దుటి పూట. ఆ వేళ తెలుసుకుని వెళ్లి, తగిన వరుసలో అడిగితే మామూలు హోటల్లో కూడా గొప్పగా తినవచ్చు. అది తెలియకపోతే పేరున్న చోటికి వెళ్లి, గంటసేపు నిలబడి కూడా చప్పగా తిని బయటికి రావచ్చు. చాలా ఏళ్లుగా ఊరూరా ఇలాంటి హోటళ్లలో తింటూ, దోసె మాస్టర్లతో మాట్లాడుతూ నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు గడియారం చూసుకోండి

ఇడ్లీ, దోసెల పిండిని మినప్పప్పు, బియ్యం (ఇడ్లీకి మన వైపు ఎక్కువగా బియ్యపు రవ్వ) నానబెట్టి, రుబ్బి, రాత్రంతా పులియనిస్తారు. పొద్దున ఆ పిండి సరైన పులుపులో ఉంటుంది. ఎండాకాలంలో గంట గంటకూ పులుపు ఎక్కుతుంది. అందుకే మే నెలలో పదకొండు గంటల దోసె నాలుకకు పట్టినట్టుగా ఉంటుంది. మంచి హోటళ్లలో సాయంత్రానికి వేరే పిండి తెస్తారు. ఆ సంగతి అడిగితే దాచకుండా చెబుతారు.

పెసరట్టు పిండి పులియబెట్టేది కాదు. నానిన పెసలను అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో రుబ్బి వెంటనే వేస్తారు. ఆలస్యమైతే పిండి నల్లబడి, వాసన మారుతుంది. చాలా హోటళ్లలో పెసరట్టు ఉదయం మాత్రమే ఉండటానికి కారణం ఇదే. సాయంత్రం ఆరింటికి పెసరట్టు ఉందంటే ఆ పిండి ఎప్పుడు రుబ్బిందో కనుక్కోండి.

పొంగలి తినాలంటే తొలి గంటలో వెళ్లండి. గిన్నెలో ఉండేకొద్దీ అది గట్టిపడుతుంది, నెయ్యి పైకి తేలుతుంది, మిరియాల ఘాటు తగ్గుతుంది. పూరీకి వేళతో పని లేదు. అయితే మన కళ్లముందు పొంగి వచ్చిందే తీసుకోవాలి.

భోజనానికి పన్నెండుంబావు మంచి సమయం. వేపుడు ఇంకా మెత్తబడదు, కూరలన్నీ ఉంటాయి, అన్నం పొగలు కక్కుతుంటుంది. రెండున్నరకు వెళితే "కూర అయిపోయిందండీ, పప్పు వేయమంటారా?" అన్న మాట వినాల్సి వస్తుంది. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా మైసూర్ బజ్జీలు, పునుగులు, మిరపకాయ బజ్జీల సమయం. ఇక్కడ ఒక్క జాగ్రత్త చెప్పాలి. మూకుడులో నూనె నల్లగా ఉన్నా, బజ్జీ వేయగానే నురగ పొంగినా, ఘాటైన పొగ వాసన వచ్చినా అది చాలాసార్లు కాగిన నూనె. అలాంటి చోట కాఫీ తాగి వచ్చేయండి. నూనె ఎంత పాడయ్యాక వాడకూడదో కూడా ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిర్ణయించింది. నూనె చెడేకొద్దీ అందులో పోలార్ కాంపౌండ్స్ అనేవి పెరుగుతాయి. 2018 జూలై నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదు. తినేవాళ్లం దాన్ని కొలవలేం గానీ, కన్నూ ముక్కూ చాలావరకు చెప్పేస్తాయి.

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర నుంచి పది దాకా ఎక్కడ చూసినా జనమే. ఆ సమయంలో వెళ్లక తప్పకపోతే ఇడ్లీ, వడ అడగండి. అవి వాయిలు వాయిలుగా దిగుతుంటాయి కాబట్టి వేడిగా, త్వరగా వస్తాయి.

హోటల్ ఎంచుకోవడం

కొత్త ఊళ్లో బోర్డు చూసి మోసపోవద్దు, పెనం చూడండి. పెనం కనబడే హోటల్ అయితే సగం పని అయిపోయినట్టే. మాస్టర్ నీళ్లు చల్లగానే చుయ్యిమని, వెంటనే తుడిచి, గరిటెతో ఒక్క చుట్టులో పిండి పరిచేస్తున్నాడంటే ఆ పెనం వేడి అతని అదుపులో ఉంది. దోసెలు తీయగానే ప్లేట్లలో వెళ్లిపోతున్నాయా, లేక ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయా చూడండి. పేర్చిన దోసె మెత్తబడుతుంది.

ఐటమ్స్ తక్కువ ఉన్న హోటల్‌ను నేను ఎక్కువ నమ్ముతాను. ఇడ్లీ నుంచి నూడిల్స్ దాకా పెద్ద మెనూ ఉన్న చోటికి వెళితే మెనూ పక్కన పెట్టి చుట్టూ బల్లల మీద ఏముందో చూడండి. పది మంది తింటున్నదే అక్కడ ఎక్కువగా కదిలే వంటకం, అంటే తాజాగా ఉండేది.

మన ఊళ్లలో శాకాహార హోటల్‌ను "ఉడిపి హోటల్" అని పిలవడం చాలాకాలంగా ఉంది. ఉడిపి చుట్టుపక్కల గుడి, మఠాల వంట నేర్చినవాళ్లు దక్షిణాది నగరాలన్నిటా హోటళ్లు పెట్టారు. ఆ వైపు నుంచి మద్రాసు వచ్చి వుడ్‌ల్యాండ్స్ స్థాపించిన కె. కృష్ణారావు వారిలో బాగా పేరున్నవారు. బెంగళూరులో ఎంటీఆర్ 1924లో, గాంధీ బజార్ విద్యార్థి భవన్ 1943లో మొదలయ్యాయి. చెన్నై ట్రిప్లికేన్‌లోని రత్నా కేఫ్, హైదరాబాద్ ఆబిడ్స్‌లోని తాజ్ మహల్ హోటల్ రెండూ 1948 నాటివి. శరవణ భవన్ 1981లో చెన్నై కె.కె. నగర్‌లో మొదలైంది. ఇంత పాత హోటల్‌కు వెళ్లినప్పుడు మెనూ అంతా చూడనక్కర్లేదు. దానికి ఏ వంటకం వల్ల పేరొచ్చిందో అది అడగండి. విద్యార్థి భవన్‌లో మసాలా దోసె, రత్నా కేఫ్‌లో సాంబారు ఇడ్లీ, ఎంటీఆర్‌లో రవ్వ ఇడ్లీ, విజయవాడ బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ. రవ్వ ఇడ్లీ గురించి ఒక మాట. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బియ్యం దొరక్క బొంబాయి రవ్వతో ఇడ్లీ చేసి చూశామని ఎంటీఆర్ వారు చెబుతారు.

లోపలికి అడుగుపెట్టాక

మొదట అది ఎలాంటి హోటలో గమనించండి. గల్లాపెట్టె దగ్గర జనం చీటీలు పట్టుకుని ఉంటే అది టోకెన్ పద్ధతి. ముందే డబ్బు కట్టి టోకెన్ తీసుకుని, టిఫిన్ కౌంటర్లో ఒకటి, కాఫీ కౌంటర్లో ఒకటి ఇవ్వాలి. బెంగళూరులో దర్శినిలు అనే చిన్న హోటళ్లలో ఇదే పద్ధతి, అక్కడ నిలబడే తింటారు. కాఫీ టోకెన్ కూడా మొదటే తీసుకోండి, మళ్లీ క్యూలో నిలబడే పని తప్పుతుంది.

కూర్చుని తినే చోట రద్దీ ఉంటే బల్ల పంచుకోవడం మామూలే. "ఇక్కడ ఎవరైనా ఉన్నారా అండీ?" అని అడిగి కూర్చోండి. తింటున్నవారి కుర్చీ వెనక నిలబడి వాళ్ల ప్లేటు వైపు చూడటం మాత్రం వద్దు, ముద్ద దిగదు పాపం. కొన్నిచోట్ల ఏసీ గదిలో రేటు వేరుగా ఉంటుంది. కూర్చోకముందే బోర్డు చూసుకోండి.

చేతులు కడుక్కుని వచ్చాక సర్వర్‌ను పిలిచే తీరు కూడా ముఖ్యమే. చిటికెలు, "ఏయ్" అనే పిలుపులు వద్దు. మన వైపు పెద్దాయన అయితే "బాబాయ్", సమవయస్కుడైతే "అన్నా", చిన్నవాడైతే "తమ్ముడూ". ఆయనకు ఒకేసారి పది బల్లలు చూసుకునే పని ఉంటుంది. చేయి కొంచెం ఎత్తి, కళ్లు కలిపితే చాలు, వస్తాడు.

అడగడం: ఒక్కొక్కటిగా

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. కూర్చోగానే "రెండు ఇడ్లీ, ఒక వడ, ఒక మసాలా దోసె, కాఫీ" అని ఒక్క ఊపున చెప్పేస్తారు. వడ్డించేటప్పుడు అన్నీ ఒకేసారి వస్తాయి. ఇడ్లీ తింటుంటే దోసె మెత్తబడుతుంది, దోసె తింటుంటే కాఫీ మీద మీగడ కడుతుంది.

ముందు ఇడ్లీ, వడ అడగండి. అవి తయారుగా ఉంటాయి కనుక రెండు నిమిషాల్లో వస్తాయి. అవి సగం తిన్నాక దోసె చెప్పండి. మీరు చేయి తుడుచుకునేలోపు దోసె వచ్చేస్తుంది. దోసె చివరికి వచ్చాక కాఫీ చెప్పండి. ఇదంతా సర్వర్‌కు మొదటే చెప్పేయడం ఇంకా మంచిది: "ముందు ఇడ్లీ ఇవ్వండి, దోసె తర్వాత చెబుతాను." చాలామంది సర్వర్లకు ఇలా తినేవారంటే ఇష్టం. తిండి మీద శ్రద్ధ ఉన్న మనిషని వాళ్లకు అర్థమవుతుంది.

పెనం లెక్క కూడా తెలిసి ఉంటే మంచిది. పెద్ద పెనం మీద ఒకేసారి ఆరో ఎనిమిదో దోసెలు వేస్తారు, అన్నీ ఒకే రకమైతేనే మాస్టర్ పని సాఫీగా సాగుతుంది. రవ్వ దోసె వేరు. దాని పిండి పలుచన, పరిచేది కాదు, చల్లాలి. తక్కువ మంటమీద, ఎక్కువ నూనెతో, నెమ్మదిగా కాలాలి. అందుకే రద్దీలో రవ్వ దోసె అడిగితే "పావుగంట పడుతుందండీ" అంటారు. మాస్టర్ నాలుగైదు రవ్వ దోసెల ఆర్డర్లు పోగయ్యాక కలిపి వేస్తాడు. రవ్వ దోసె తినాలనుకుంటే కూర్చోగానే ఆ ఒక్కటీ చెప్పేసి, ఈలోగా ఇడ్లీ తెప్పించుకోండి. పైన చెప్పిన వరుసకు ఇది ఒక్కటే మినహాయింపు.

నలుగురు కలిసి వెళ్లినప్పుడు నలుగురికీ నాలుగు రకాలు చెబితే నాలుగు సమయాల్లో వస్తాయి. అందరి ప్లేట్లూ వచ్చేదాకా ఆగుదామనే మర్యాద ఇక్కడ వద్దు. ఎవరిది వచ్చినా వాళ్లు మొదలుపెట్టాలి. లేదంటే ఇద్దరు ఒకటి, ఇద్దరు ఇంకొకటి అడిగి పంచుకోండి, అందరూ వేడిగా తింటారు.

ఎలా కావాలో స్పష్టంగా చెప్పడం మొహమాటపడే విషయం కాదు. "దోసె ఎర్రగా కాల్చండి", "పేపర్‌లా వద్దు, కొంచెం మెత్తగా", "నూనె తక్కువ", "కూర పక్కన వేయండి" అంటే మాస్టర్ దాకా ఆ మాట వెళుతుంది. పళ్లు సరిగా లేని పెద్దవాళ్లకు సెట్ దోసె, ఊతప్పం, ఇడ్లీ నయం. చిన్నపిల్లలకు కారప్పొడి వేయకుండా నెయ్యి దోసె చెప్పండి. ఉప్మా పెసరట్టులో ఉప్మా వద్దనుకుంటే ముందే చెప్పాలి, చాలాచోట్ల అడగకుండానే పెడతారు. ఎమ్మెల్యే పెసరట్టు అని బోర్డు మీద ఉంటే అది ఉప్మా పెట్టినదే. హైదరాబాద్ ఎమ్మెల్యే క్వార్టర్స్ క్యాంటీన్ వల్ల ఆ పేరు వచ్చిందని చెబుతారు.

దేనితో ఏది

పక్కన పెట్టే గిన్నెలన్నీ అన్నిటికీ కాదు. పెసరట్టుకు అల్లం పచ్చడే సరైన జత. ఆ తీపీ కారమూ పెసర రుచిని పైకి తెస్తాయి. కొబ్బరి చట్నీతో తింటే పెసరట్టు చప్పబడుతుంది. ఇడ్లీకి కారప్పొడి, నెయ్యి ఒక దారి. పల్లీ చట్నీ ఇంకో దారి. రెండూ ఒకే ముద్దలో కలపకండి, ఒక ఇడ్లీ అలా, ఒక ఇడ్లీ ఇలా తినండి. పూరీకి బొంబాయి చట్నీ దొరికితే ఆలుగడ్డ కూర అడగవద్దు. శనగపిండితో చేసిన ఆ పలుచని కూర హోటళ్లలో తగ్గిపోతోంది. కనబడినప్పుడు తినండి. పొంగలికి కొబ్బరి చట్నీ చాలు. దాని మీద సాంబారు పోస్తే మిరియాలూ నెయ్యీ కనబడకుండా పోతాయి.

సాంబారును దోసె మీద పోయకండి. కరకరలాడేలా కాల్చడానికి మాస్టర్ పడ్డ కష్టమంతా ఒక్క గరిటెతో పోతుంది. దోసె ముక్కను గిన్నెలో ముంచుకోవాలి. మసాలా దోసెను అంచుల నుంచి మొదలుపెట్టండి. పలచటి అంచు ముందుగా మెత్తబడుతుంది, మధ్యలో కూర ఉన్న భాగం వేడి పట్టి ఉంచుతుంది. మొదట మధ్యలో తిని అంచులు మిగుల్చుకుంటే చివరికి తోలులాంటి ముక్కలు నమలాల్సి వస్తుంది.

వడ విషయంలో రెండు ఇష్టాలూ న్యాయమైనవే. కరకరగా కావాలంటే విడిగా తెప్పించుకుని వెంటనే తినాలి. సాంబారు వడ కావాలంటే పది నిమిషాలు నాననివ్వాలి. నానీ నానని వడ రెండు సుఖాలనూ పోగొడుతుంది. సాంబారు ఇడ్లీ కూడా అంతే, ఇడ్లీ పూర్తిగా మునగాలి. పైన ఒక చెంచా నెయ్యి అడగండి.

సాంబారు, చట్నీ మళ్లీ అడిగితే చాలాచోట్ల వేస్తారు. కావలసినంతే వేయించుకోండి.

ఆకు భోజనం

బోర్డు మీద "ప్లేట్ మీల్స్" అంటే చాలావరకు అన్నం, కూరలు కొలతగా వస్తాయి. "ఫుల్ మీల్స్" అంటే మారు వడ్డిస్తారు. స్వీటు, పెరుగు, అప్పడం మాత్రం సాధారణంగా ఒక్కసారే. ఆకలి తక్కువ ఉన్నవాళ్లు ప్లేట్ మీల్స్ తీసుకోవడమే న్యాయం. తిండి పారేయరు, డబ్బూ మిగులుతుంది.

అరిటాకు వేస్తే సన్నని కొస మన ఎడమ చేతి వైపు ఉండాలి. నాలుగు చుక్కల నీళ్లు చల్లి, చేత్తో తుడిచి, నీళ్లు పక్కకు జార్చేయండి. ఆకు పైభాగంలో ఉప్పు, ఊరగాయ, పచ్చడి, కూరలు వస్తాయి. కింది సగం అన్నానిది. వద్దనుకున్నది వడ్డించకముందే ఆకు మీద చేయి అడ్డం పెట్టి "వద్దండీ" అనండి. ఆకులో పడ్డాక చెప్పి లాభం లేదు.

ఆంధ్రా భోజనం వరుస: మొదటి ముద్దలు పొడి, నెయ్యితో. కందిపొడి, వేడి అన్నం, కరిగిన నెయ్యి దొరికిన హోటల్లో ఆ మొదటి నాలుగు ముద్దలూ తొందరపడకుండా తినండి. మొత్తం భోజనంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే. తర్వాత పప్పు, పక్కన ఆవకాయో గోంగూరో. పప్పన్నంతో అప్పడం విరుచుకోవాలి గానీ విడిగా తినేయకూడదు. ఆ తర్వాత కూర, వేపుడు, పులుసు లేదా సాంబారు, చారు, చివర పెరుగు. తొలిసారి వచ్చినవాళ్లు చేసే పొరపాటు మొదటే అన్నం గుట్టగా వేయించుకుని పప్పుతోనే కడుపు నింపేసుకోవడం. ప్రతి దానికీ రెండు గరిటెల అన్నం చొప్పున వేయించుకోండి. వడ్డించేవాళ్లు తిరుగుతూనే ఉంటారు, ఏదీ పారిపోదు.

పెరుగన్నానికి చోటు మిగుల్చుకోండి. గడ్డపెరుగు వేసే హోటల్లో దాన్ని అన్నంలో బాగా కలిపి, ఉప్పు చూసి, ఊరగాయ ముక్క నంజుకుంటూ తింటే అంతకుముందు తిన్న కారమంతా దిగుతుంది. కాకినాడ వెళ్లినవాళ్లు సుబ్బయ్య గారి హోటల్లో తిని చూడండి. ఆకు నిండా వడ్డించడం, కొసరి కొసరి పెట్టడం ఎలా ఉంటుందో తెలుస్తుంది. అక్కడి బుట్ట భోజనం కూడా పేరున్నదే.

తిన్నాక ఆకు పై సగాన్ని మన వైపుకు మడవాలి. పక్కవాళ్ల ఆకులో ఇంకా పెరుగు పడకముందే లేచి నడుచుకుంటూ పోవడం అంత బాగుండదు, పెద్దవాళ్లు ఉంటే అసలు వద్దు.

పక్క రాష్ట్రాల బోర్డులు

మనం దోసె అనుకునేది ఊరు మారగానే మారిపోతుంది. బెంగళూరు మసాలా దోసె కాస్త మందంగా, వెన్నతో ఎర్రగా కాలుతుంది. చాలాచోట్ల లోపల ఎర్ర చట్నీ రాస్తారు. అక్కడి సాంబారులో బెల్లం తీపి తగులుతుంది. అది పాడైందని అనుకోకండి, ఉడిపి పద్ధతి అంతే. "బెణ్ణె దోసె" అంటే వెన్న దోసె, దావణగెరె దానికి ప్రసిద్ధి. "ఖాళీ దోసె" అంటే కూర లేని మెత్తని దోసె. "చౌ చౌ బాత్" అడిగితే ఒక ముద్ద కారం ఉప్మా, ఒక ముద్ద కేసరి పక్కపక్కన వస్తాయి. మధ్యాహ్నం "బిసి బేళె బాత్" మీద బూందీ చల్లి ఇస్తారు.

చెన్నైలో "నెయ్ రోస్ట్" అంటే నెయ్యితో కరకరలాడే దోసె. "మినీ టిఫిన్" అని ఉంటే ఒక్క ప్లేటులో ఇడ్లీ, చిన్న దోసె, పొంగలి లాంటివన్నీ కొద్దికొద్దిగా వస్తాయి, కొత్తవాళ్లకు మంచి దారి. అక్కడి భోజనంలో పప్పు ముందు రావాలని ఎదురుచూడకండి. సాంబారు, రసం, పెరుగు అనేదే వాళ్ల వరుస. ఊరగాయ కారం కూడా మన లెక్కలో తక్కువే. కేరళ శాకాహార హోటల్లో పుట్టు (ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి), కడల కూర (శనగల కూర) ఉదయం పూట దొరికితే వదలకండి.

పడనివి ఉన్నవాళ్లు

మా అత్తయ్యకు గోధుమ పడదు. ఒకసారి ఒక హోటల్లో "ఇడ్లీ సాంబారులో గోధుమ ఉండదు" అన్న సర్వర్ మాట నమ్మి తిన్నది. ఆ రాత్రంతా బాధపడింది. తర్వాత తెలిసింది, బజారులో దొరికే ఇంగువ పొడి చాలావాటిలో గోధుమ పిండో మైదానో కలుస్తుందని. సర్వర్ అబద్ధమాడలేదు, ఆయనకు ఆ సంగతి తెలియదు. అప్పటి నుంచి మేం సాంబారు మానేసి, కొబ్బరి చట్నీలో ఇంగువ తాలింపు వేయలేదని వంటగదిలో కనుక్కున్నాకే అడుగుతున్నాం. రవ్వ దోసె, రవ్వ ఇడ్లీ, ఉప్మా, పూరీ అన్నీ గోధుమవే.

"మీకు పడనిది ఉందా?" అని అడిగే అలవాటు ఇక్కడ తక్కువ, మనమే చెప్పాలి. "పల్లీలు లేనిది కావాలి" అనకుండా "పల్లీలు తింటే ఆస్పత్రికి వెళ్లాల్సి వస్తుంది" అనండి, అప్పుడు దాని తీవ్రత అర్థమవుతుంది. కొబ్బరి చట్నీలోనూ కొన్నిచోట్ల పల్లీలు వేస్తారు. ఒకే గరిటె రెండు గిన్నెల్లో తిరిగే చోట నమ్మకం పెట్టుకోవద్దు.

ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్లకు ఇడ్లీ, సాదా దోసె, పొంగలి మామూలుగా ఇబ్బంది పెట్టవు. సాంబారు, మసాలా కూర, పల్లీ చట్నీ అడిగి తినాలి. పాల పదార్థాలు మానినవాళ్లు "నెయ్యి వద్దు, నూనెతో కాల్చండి" అని దోసెకు చెప్పాలి. పొంగలిలో నెయ్యి, రవ్వ ఇడ్లీలో పెరుగు ముందే కలిసి ఉంటాయి, వాటిని వదిలేయడమే.

కాఫీ

ఫిల్టర్ కాఫీ రుచి డికాషన్‌ది. పొద్దున తీసిన తొలి డికాషన్ చిక్కగా ఉంటుంది. ఆ తర్వాత అదే పొడిలో మళ్లీ నీళ్లు పోసి తీసింది పలుచబడుతుంది. చాలా హోటళ్లలో కాఫీ పొడిలో చికోరీ (ఒక మొక్క వేరును వేయించి చేసిన పొడి) కలుస్తుంది. అది రంగు, చిక్కదనం ఇస్తుంది. చట్టం ప్రకారం అలాంటి మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. చికోరీ ఎక్కువైతే నాలుక చివర ఒక రకం చేదు తీపి మిగులుతుంది, రెండు మూడు చోట్ల తాగితే మీకే తెలిసిపోతుంది.

"స్ట్రాంగ్" అంటే డికాషన్ ఎక్కువ, "లైట్" అంటే పాలు ఎక్కువ. చక్కెర వద్దనుకుంటే ముందే చెప్పండి. కొన్నిచోట్ల చక్కెర కలిపిన పాలే మరుగుతుంటాయి, అలాంటప్పుడు విడిగా పాలు కాచి ఇవ్వడానికి రెండు నిమిషాలు పడుతుంది. గ్లాసుతో పాటు డబరా (వెడల్పాటి చిన్న గిన్నె) వస్తే ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి ఒకటి రెండుసార్లు తిరగబోయండి. తాగే వేడికి వస్తుంది, నురగ నిలుస్తుంది. ఇద్దరికి ఒకటి చాలనుకుంటే బెంగళూరులో "వన్ బై టూ" అనండి, రెండు గ్లాసుల్లో సగం సగం ఇస్తారు.

బిల్లు

మామూలు రెస్టారెంట్ బిల్లు మీద జీఎస్టీ 5 శాతం, అందులో సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి. 2017 నవంబరు 15 నుంచి ఏసీ ఉన్నా లేకున్నా ఈ రేటే. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లలో 18 శాతం ఉంటుంది. మొత్తం అమ్మకాల మీద పన్ను తామే కట్టుకునే కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న చిన్న హోటళ్లు కస్టమర్ దగ్గర విడిగా జీఎస్టీ వసూలు చేయకూడదు. బిల్లులో "కాంపోజిషన్" అన్న మాట ఉండి కింద జీఎస్టీ వేసి ఉంటే అడగండి.

సర్వీస్ చార్జి వేరే సంగతి. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. బిల్లులో కనబడితే "ఇది తీసేయండి" అని నెమ్మదిగా చెప్పండి. వినకపోతే 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. బిల్లు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు కూడా ఉండాలి.

టిప్పు మీ ఇష్టం. ఇవ్వదలిస్తే వడ్డించినవాళ్ల చేతికే ఇవ్వండి. బల్లలు తుడిచేవాళ్లను మరచిపోవద్దు, వాళ్ల చేతికి ఏదీ అందని హోటళ్లు చాలా ఉన్నాయి.

పార్సిల్ తీసుకుంటే

ఇడ్లీ, పొంగలి, పులిహోర పార్సిల్‌కు నిలుస్తాయి. గారెలు అరగంట లోపు ఇల్లు చేరితే ఫరవాలేదు. మసాలా దోసె, పూరీ, రవ్వ దోసె పార్సిల్ కట్టించుకోవద్దని నా సలహా. మూత పెట్టగానే వాటి ఆవిరే వాటిని మెత్తబరుస్తుంది. తప్పకపోతే దోసె, కూర వేర్వేరుగా కట్టమని చెప్పండి. దోసెను మడత పెట్టి కాగితంలో చుడితే డబ్బాలో కన్నా నయం. మరిగే సాంబారును పలుచటి ప్లాస్టిక్ కవర్లో పోయించుకోకండి, ఇంటి నుంచి స్టీలు క్యారేజీ పట్టుకెళ్లండి. చాలా హోటళ్లలో అందులో సంతోషంగా పోస్తారు. ఇల్లు చేరగానే డబ్బాల మూతలు తీసేయండి, దోసెను పొడి పెనం మీద సన్నని సెగన ఒక్క నిమిషం వేడి చేయండి. కొబ్బరి చట్నీని మధ్యాహ్నానికి దాచవద్దు, వేసవిలో అది రెండు మూడు గంటల్లోనే పులిసిపోతుంది.